ముక్కు ఎరుపు, ఒళ్లు వెండి
చక్రాల శతాబ్దం – 17వ భాగం

పోయిన భాగాన్ని ఓ. విన్‌స్టన్ లింక్ దగ్గర ఆపాం. 1955 నుంచి 1960 దాకా ఆయన నార్ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే పట్టాల వెంట రాత్రుళ్లు తిరిగాడు. డజన్ల కొద్దీ ఫ్లాష్ బల్బులు ఒక్క క్షణాన వెలిగించి, అమెరికాలో ఆవిరి ఇంజన్ల ఆఖరి రోజులను నలుపు తెలుపుల్లో పట్టుకున్నాడు. ఇప్పుడు వర్జీనియాలోని రోనోక్‌లో ఆయన పేరిట ఒక మ్యూజియమే ఉంది. ఆవిరి అదృష్టం అలాంటిది. పోతూ పోతూ కూడా తన ఫొటోగ్రాఫర్‌ను తాను వెతుక్కుంది.

మరి దాన్ని ఇంటికి పంపిన డీజిల్ సంగతో? కొత్త బండి వచ్చిన తొలి ఏళ్లలో రైళ్లంటే పడిచచ్చేవాళ్లే దాని ముందు కెమెరా మూసేసేవారు. లూషియస్ బీబీ, చార్లెస్ క్లెగ్ లాంటి పేరున్నవాళ్ల పుస్తకాలు తిరగేస్తే పొగ, ఆవిరి, నల్లటి ఇనుము తప్ప వేరే లోకం కనిపించదు. డీజిల్ అంటే వాళ్ల లెక్కలో పట్టాలెక్కిన బస్సు. పడమటి రాష్ట్రాల్లో రిచర్డ్ స్టైన్‌హైమర్ వంటి కొందరు డీజిల్‌లోనూ అందం చూశారు. డెన్వర్‌లో ఆటో పెర్రీ అనే పోస్ట్‌మాన్ ఆవిరనీ డీజిలనీ తేడా పెట్టకుండా కనిపించిన ప్రతి ఇంజన్‌నూ జీవితాంతం ఫొటో తీశాడు. ఆయన తీసిన వేలాది ఫొటోలు డెన్వర్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. వీళ్లు మినహాయింపులే.

ఆ లోటు పూడ్చింది ఇంజన్ నంబరుకూ టెలిఫోన్ నంబరుకూ తేడా తెలియని మామూలు కుటుంబాలు. వేసవి సెలవుల్లో అమ్మమ్మను బండెక్కించడానికి వచ్చి, కొత్తగా కొన్న కెమెరాలో ఒక రీలు మిగిలి ఉంటే, ఇంజన్ ముక్కు ముందు పిల్లల్ని నిలబెట్టి నొక్కేశారు. వాళ్లకు ముఖ్యం పిల్లలు. వెనకున్నది ఆ రోజు వచ్చిన బండి, అంతే. అమెరికా రైళ్లకు రంగు వచ్చిన ఆ పాతికేళ్లను రోజువారీ వెలుతురులో చూడాలంటే మనకు దారి ఆ ఆల్బమ్‌లే అని నా అభిప్రాయం. కంపెనీలు వేయించిన ప్రచార చిత్రాల్లో బండి ఎప్పుడూ కడిగి పెట్టినట్టుంటుంది. ఇంటి ఫొటోలో దాని ముక్కుకు అతుక్కున్న పురుగులు కూడా ఉంటాయి.

బండి కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. 1934 మే 26 తెల్లవారుజామున బర్లింగ్టన్ రైల్వే వారి జెఫైర్ డెన్వర్‌లో బయల్దేరింది. బడ్ కంపెనీ స్టెయిన్‌లెస్ స్టీల్‌తో కట్టిన మూడు పెట్టెల చిన్న బండి అది. లోపల 600 హార్స్‌పవర్ వింటన్ డీజిల్ ఇంజన్. ఎక్కడా ఆగకుండా 1,015 మైళ్లు పరుగెత్తి, 13 గంటల 5 నిమిషాల్లో చికాగో చేరి, అక్కడ జరుగుతున్న ప్రపంచ ప్రదర్శన వేదిక మీదికే నేరుగా వెళ్లి నిలిచింది. మామూలు బండికి ఆ దూరం రోజు పైచిలుకు పని. దారి పొడవునా జనం పట్టాల పక్కన నిలబడి చూశారు. బండిలో పెద్దమనుషులతో పాటు జెఫ్ అనే గాడిద పిల్ల కూడా ప్రయాణించింది. పత్రికలవాళ్లకు ఇంజన్ కంటే అదే ఎక్కువ నచ్చిందేమో.

జెఫైర్ మెరుపు తీగ, కానీ బరువు లాగే బండి కాదు. ఆవిరికి అసలు ముహూర్తం పెట్టింది 1939 నవంబర్‌లో జనరల్ మోటార్స్ వారి లగ్రాంజ్ కర్మాగారం నుంచి బయటికొచ్చిన నాలుగు ముక్కల ఇంజన్. పేరు ఎఫ్‌టీ, నంబరు 103. నాలుగు ముక్కలూ కలిస్తే 5,400 హార్స్‌పవర్, నడపడానికి మాత్రం ముందు గదిలో ఒక్క డ్రైవర్ చాలు. పదకొండు నెలల్లో అది 20 రైల్వేల పట్టాల మీద, 35 రాష్ట్రాల్లో, 83,764 మైళ్లు తిరిగి గూడ్స్ బండ్లు లాగి చూపించింది.

అది లోపల చేసే పని చెప్పడానికి తేలికే. డీజిల్ ఇంజన్ చక్రాలను నేరుగా తిప్పదు. జనరేటర్‌ను తిప్పుతుంది. ఆ కరెంటు ఇరుసుల మీది మోటార్లకు వెళ్లి, అవి చక్రాలను తిప్పుతాయి. కాబట్టి ఎన్ని ముక్కలు జోడించినా తీగలతో ఒకే చేతి కిందికి తేవచ్చు. ఆవిరి ఇంజన్లు రెండు కడితే రెండు జట్ల మనుషులు కావాలి. అన్నిటికీ మించి, డీజిల్ మాటిమాటికీ ఆగి నీళ్లు తాగదు. అరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో శాంటా ఫే రైల్వే తన ఇంజన్ల కోసం ట్యాంకుల్లో నీళ్లు మోయించుకునే దుస్థితిలో ఉండేది. అందుకే అందరికంటే ముందు డబ్బు పెట్టింది. యుద్ధం ముగిసేసరికి ఆ ఒక్క కంపెనీ చేతిలో 320 ఎఫ్‌టీ ముక్కలున్నాయి.

యుద్ధం మరో పని కూడా చేసింది. 1942లో ప్రభుత్వ యుద్ధోత్పత్తి బోర్డు ఎవరు ఏం తయారుచేయాలో పంపకం చేసినప్పుడు, దూరపు గూడ్స్ డీజిళ్లు జనరల్ మోటార్స్ వాటాకు వచ్చాయి. ఆల్కో, బాల్డ్విన్ లాంటి పాత ఆవిరి కంపెనీలకు యార్డు ఇంజన్లు, ఆవిరి ఇంజన్లు మిగిలాయి. ఆ వెనకబాటు నుంచి వాళ్లు తేరుకోలేదు. బాల్డ్విన్ 1956లో లోకోమోటివ్‌ల పనికి స్వస్తి చెప్పింది. ఆల్కో 1969 దాకా ఈదింది. 1952 నాటికి అమెరికా పట్టాల మీద డీజిళ్ల సంఖ్య ఆవిరి ఇంజన్లను దాటిపోయింది.

ఇక రంగుల సంగతి. ఆవిరి ఇంజన్ నల్లగా ఉండటానికి కారణం అందరికీ తెలిసిందే, మసి. మసి పోగానే కంపెనీలకు హఠాత్తుగా బొమ్మలు వేసుకోవడానికి గోడ దొరికినట్టయింది. 1937లో శాంటా ఫే వారి సూపర్ చీఫ్ కోసం జనరల్ మోటార్స్ కళావిభాగంలో లేలండ్ నికర్‌బాకర్ ఒక రూపం గీశాడు. ముక్కంతా ఎరుపు, ఆ ఎరుపు పక్కలకు ఈకల్లా సాగి వెండి ఒంటి మీదికి జారుతుంది, అంచున పసుపు, నలుపు గీతలు. మూలవాసి యోధుడి ఈకల కిరీటం దానికి మూలం. గ్రేట్ నార్తర్న్ నారింజ, ముదురాకుపచ్చ పూసుకుంది. పెన్సిల్వేనియా రైల్వే ముదురు రంగు మీద అయిదు బంగారు గీతలు గీయించుకుంది. న్యూయార్క్ సెంట్రల్ బూడిద రంగు మీద మెరుపు తీగ. ఇల్లినాయ్ సెంట్రల్ చాక్లెట్ గోధుమ, నారింజ. యూనియన్ పసిఫిక్ పసుపు.

సరిగ్గా అదే కాలంలో కొడాక్ కంపెనీ రంగుల ఫిల్మును సామాన్యుడి చేతికిచ్చింది. కొడాక్రోమ్ 1935లో సినిమా ఫిల్ముగా, 1936లో స్టిల్ కెమెరాకు వచ్చింది. దాన్ని కనిపెట్టిన లియోపోల్డ్ మానెస్, లియోపోల్డ్ గొడౌస్కీ ఇద్దరూ సంగీత విద్వాంసులు. రసాయనశాల చీకటిలో గడియారం కనిపించక, ఈల పాట తాళంతో సెకన్లు లెక్కపెట్టుకునేవారని వాళ్ల గురించి చెప్పుకుంటారు.

ఆ ఫిల్ము గొప్ప రంగులిచ్చేది కానీ మహా మందకొడి. 1961లో కొడాక్రోమ్-2 వచ్చేదాకా దాని వేగం కేవలం 10 ఏఎస్ఏ. ఎండ కాస్తున్నా సెకనులో యాభయ్యో వంతు కంటే వేగంగా తీయడం కష్టం. గంటకు 60 మైళ్ల వేగంతో పోయే బండి ఆ రెప్పపాటులో దాదాపు రెండడుగులు కదులుతుంది, ఫొటోలో అలుక్కుపోతుంది. కాబట్టి ఆ నాటి ఇంటి ఫొటోల్లో రైళ్లన్నీ నిలబడే ఉంటాయి. వెనక నుంచి ఎండ, ముందు నిలబడ్డ బండి, బండి ముందు కళ్లు చికిలించిన మనుషులు. ఇదంతా ఫిల్ము డబ్బాలో వచ్చే సలహా కాగితం రాసిన దృశ్యమే. బేకలైట్‌తో చేసిన బ్రౌనీ హాకై కెమెరా ఉన్నవాళ్లు నలుపు తెలుపుల్లో తీసినా కట్టు అదే.

ఎక్కడ ఎక్కువసేపు ఆగితే అక్కడ ఎక్కువ ఫొటోలు. న్యూ మెక్సికోలోని అల్బుకర్కీ అందుకే ఇన్ని ఆల్బమ్‌లలో కనిపిస్తుంది. చికాగో నుంచి లాస్ ఏంజెలెస్‌కు 39 గంటల 45 నిమిషాల్లో చేర్చే సూపర్ చీఫ్ అంతటిది కూడా అక్కడ ఇంధనం పోసుకుని, కిటికీలు కడిగించుకునేది. ప్రయాణికులు కాళ్లు సాగదీసుకోవడానికి దిగేవారు. పక్కనే 1902లో కట్టిన ఆల్వరాడో హోటల్ తోరణాలు. ప్లాట్‌ఫాం అంచున ప్యూబ్లో మూలవాసి స్త్రీలు దుప్పట్లు పరిచి కుండలు, వెండి నగలు అమ్మేవారు. ఒకే ఫొటోలో ఇంజన్ ముక్కు మీద ఈకల కిరీటం, దాని కింద రెండు డాలర్ల కుండకు బేరమాడించుకుంటున్న అసలు మనిషి. ఫొటో తీసినాయనకు ఆ వైరుధ్యం తట్టి ఉండదు. ఆయన చూపంతా కొత్త టోపీ పెట్టుకున్న కొడుకు మీదే. ఆల్వరాడోను 1970లో కూల్చేశారు. దాని వసారాలు మధ్యాహ్నపు ఎండలో ఎలా ఉండేవో ఇప్పుడు ఆ కొడుకు వెనక చూసి తెలుసుకోవాలి.

కదిలే రైలును కదలకుండా తీసే ఉపాయం ఒకటి మాత్రం ఉంది. ఆ రైల్లోనే కూర్చోవడం. 1944లో జనరల్ మోటార్స్ అధికారి సైరస్ ఆస్బోర్న్ కొలరాడోలోని గ్లెన్‌వుడ్ లోయ గుండా ఒక డీజిల్ ఇంజన్ గదిలో ప్రయాణిస్తూ, డ్రైవర్‌కు మాత్రమే దక్కుతున్న ఈ దృశ్యం టికెట్టు కొన్నవాడికి ఎందుకు దక్కకూడదనుకున్నాడు. మరుసటి ఏడాదే బర్లింగ్టన్ రైల్వే పెట్టె నెత్తిన గాజు గది కట్టింది. 1949 మార్చి 20న మొదలైన కాలిఫోర్నియా జెఫైర్‌కు అలాంటి గాజు గదుల పెట్టెలు అయిదు. రాకీ పర్వతాలూ, ఫెదర్ నది లోయా పగటి వెలుగులో వచ్చేలా టైమ్ టేబుల్ కూడా కుదిర్చారు. గాజు గదిలో కూర్చున్న తండ్రి మలుపు దగ్గర కెమెరా ఎత్తితే, ముందున్న ఇంజన్ కూడా తనతో సమానంగా పరుగెత్తుతోంది కనుక అది చెక్కినట్టు పడుతుంది, చెట్లు అలుక్కుపోతాయి. చాలా స్లైడ్లలో గాజు మీద ఎవరిదో చెయ్యి, సగం తిన్న శాండ్‌విచ్ కూడా ప్రతిఫలిస్తుంటాయి. వృత్తి ఫొటోగ్రాఫర్ అయితే చించి పారేసేవాడు. ఆ బండిలో ప్రయాణం ఎలా ఉండేదో చెప్పడానికి నాకు ఆ శాండ్‌విచ్ కావాలి.

ఈ ఫొటోల అంచుల్లో ఇంకో మనిషి ఉంటాడు. తెల్ల కోటు, టోపీ, చేతిలో మెట్టు పీట. స్లీపర్ పెట్టెల పోర్టర్. దాదాపు ఎప్పుడూ నల్లజాతి మనిషే. కుటుంబం పేర్లన్నీ ఫొటో వెనక పెన్సిల్‌తో రాసి ఉంటాయి, అతని పేరు ఉండదు. ఆ పేరులేని మనుషులే 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన సంఘం కట్టి, పన్నెండేళ్లు పోరాడి, 1937లో ఆ స్లీపర్ పెట్టెలు నడిపే పుల్‌మన్ కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించారు.

దక్షిణాది స్టేషన్లలో తీసిన వాటిని భూతద్దం కింద పెట్టి చూడాలి. పిల్లల తలల మీదుగా, వెయిటింగ్ రూమ్ తలుపు పైన, ఏ రంగువారు ఏ వైపో చెప్పే బోర్డు ఉంటుంది. రాష్ట్రాలు దాటే రైళ్లలో, వాటి వెయిటింగ్ రూముల్లో ఆ వేర్పాటు చెల్లదని అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ 1955 నవంబర్‌లో తీర్పిచ్చింది. 1956 జనవరి 10 నుంచి అమలు. కాగితం మీద అమలు, గోడ మీద బోర్డులు చాలాచోట్ల అలాగే ఉన్నాయి.

1947లో ఫ్రీడమ్ ట్రైన్ అనే ఎరుపు తెలుపు నీలాల బండి స్వాతంత్ర్య ప్రకటన వంటి పత్రాలను మోసుకుని దేశం మీద పడింది. ముందు ఆల్కో కంపెనీ పొడుగు ముక్కు డీజిల్, దాని నంబరు 1776. 48 రాష్ట్రాల్లోనూ ఆగింది, జనం గంటల తరబడి వరుసలో నిలబడ్డారు, ఫొటోలు తీసుకున్నారు. మెంఫిస్, బర్మింగ్‌హామ్ నగరాల్లో తీసుకున్న ఫొటోలు మాత్రం దొరకవు. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ వేరువేరు వేళలు పెడతామని ఆ ఊళ్ల పాలకులు పట్టుబట్టడంతో నిర్వాహకులు అక్కడి మజిలీలనే రద్దు చేశారు.

ఇక ఇల్లినాయ్ సెంట్రల్ వారి గోధుమ, నారింజ రంగుల బండి సిటీ ఆఫ్ న్యూ ఆర్లీన్స్. పగటిపూట చికాగో నుంచి దక్షిణాదికి పోయే ఈ బండి ముందు నవ్వుతూ నిలబడ్డ కుటుంబాల ఫొటోలకు లెక్కలేదు. దక్షిణాది నుంచి వలస వచ్చి చికాగోలో స్థిరపడ్డ నల్లజాతి కుటుంబాలకు వేసవిలో తాతగారింటికి పోయే బండి అదే. 1955 ఆగస్టు 20న పద్నాలుగేళ్ల నల్లజాతి కుర్రాడు ఎమెట్ టిల్ చికాగోలో అరవై మూడో వీధి స్టేషన్ దగ్గర ఆ బండే ఎక్కాడు. ఎనిమిది రోజుల తర్వాత మిసిసిపీలో తెల్లవాళ్లు అతన్ని చంపేశారు. సెప్టెంబర్ 2న అతని శవపేటిక చికాగోలోని ఇల్లినాయ్ సెంట్రల్ స్టేషన్‌కు తిరిగొచ్చింది. ప్లాట్‌ఫాం మీద కూలిపోతున్న తల్లి మేమీని పత్రికలవాళ్లు తీసిన ఫొటో కూడా ఆ కాలపు రైలు స్టేషన్ ఫొటోయే. ఆ రంగులను ఆ రోజుల అందమైన జ్ఞాపకంగా మాత్రమే చూపించే ఆల్బమ్‌లంటే నాకు కొంచెం అనుమానం.

ఫ్రీడమ్ ట్రైన్‌ను లాగిన ఆల్కో గురించి మనం ఇంకో మాట చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ ఇంటిపేరు మన పట్టాల మీదికీ వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో ఉన్న ఆ కంపెనీ నుంచి 1957-59 మధ్య 100 డీజిళ్లు డబ్ల్యూడీఎం-1 పేరుతో భారతదేశానికి వచ్చాయి. 1962లో 2,600 హార్స్‌పవర్ డబ్ల్యూడీఎం-2 దిగింది. 1964 నుంచి వారణాసిలో మనమే తయారుచేసుకున్నాం. గుత్తి, కాజీపేట, విశాఖ షెడ్లలో పనిచేసినవాళ్లకు 'ఆల్కో' అంటే ఇంకేం చెప్పనక్కర్లేదు. స్టార్ట్ చేయగానే నల్లటి పొగ గుమ్మరించే ఆ స్వభావం వల్ల అమెరికాలో రైలు ప్రియులు ఆల్కోలను గౌరవ ఆవిరి ఇంజన్లని ముద్దుగా పిలిచేవారు. షెనెక్టడీలో తయారీ 1969లో ఆగిపోయింది. వారణాసిలో ఆ వంశం 1990లు దాటాక కూడా నడిచింది. మన ఇళ్లలో ఆ ఇంజన్ ముందు దిగిన ఫొటోలు ఎన్నున్నాయి? చాలా తక్కువ. ఫిల్ము ఖరీదు ఒక కారణమైతే, స్టేషన్‌లో ఫొటో తీయడానికి అనుమతి కావాలన్న భయం రెండోది.

రంగులు చూసి మురిసిపోయిన కుటుంబాలకు కనిపించని లెక్క ఒకటుంది. ఆవిరి కాలంలో ప్రతి నూరు మైళ్లకో ఊరు ఇంజన్ల మీద బతికేది. నీళ్లు, బొగ్గు, మరమ్మతు, జట్టు మార్పు. నెవాడా ఎడారిలో యూనియన్ పసిఫిక్ దారిలో కాలియెంటే అలాంటి ఊరు. ఊరివాళ్లు శాశ్వతమనుకుని ఆసుపత్రి కట్టుకున్నారు, నీటి గొట్టాలు వేయించుకున్నారు, ఇళ్లు కొనుక్కున్నారు. డీజిల్ వచ్చాక బండి అక్కడ ఆగాల్సిన అవసరమే పోయింది. సామాజిక శాస్త్రవేత్త ఫ్రెడ్ కాట్రెల్ 1951లో ఆ ఊరి పతనం మీద రాసిన వ్యాసాన్ని విశ్వవిద్యాలయాల్లో తరాల తరబడి చదివించారు. ఆయన అడిగింది చిన్న ప్రశ్న. ప్రగతి లాభం దేశమంతటికీ అయినప్పుడు, దాని ఖర్చు ఒక్క ఊరే ఎందుకు కట్టాలి? కాలియెంటేలో 1923లో కట్టిన అందమైన స్టేషన్ భవనం ఇంకా నిలిచి ఉంది.

బొగ్గు లేకపోయినా, ఆవిరి ఇంజన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్ మాత్రం పాతికేళ్లు డీజిల్ గదిలో కూర్చున్నాడు. రైల్వేలకూ ఫైర్‌మన్ల సంఘానికీ 1937లో కుదిరిన ఒప్పందం ఆ కుర్చీని కాపాడింది. కంపెనీలు అది వృథా ఖర్చన్నాయి, సంఘాలు అది రెండో జత కళ్లన్నాయి. చివరికి సమ్మె ముంచుకొచ్చి, అమెరికా కాంగ్రెస్ మధ్యవర్తిత్వాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. అధ్యక్షుడు కెనెడీ దాని మీద సంతకం చేసింది 1963 ఆగస్టు 28న. అదే రోజు పౌరహక్కుల కోసం వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం ముందు రెండున్నర లక్షల మంది గుమిగూడారు. ఆ ప్రదర్శనకు పిలుపునిచ్చినవాడు పోర్టర్ల నాయకుడు రాండాల్ఫ్, అప్పటికి 74 ఏళ్లవాడు. ఒక రైలు ఉద్యోగం కనుమరుగు కావడానికి చట్టం సిద్ధమైన రోజే, మరో రైలు ఉద్యోగుల సంఘాన్ని నిలబెట్టిన మనిషి దేశాన్ని నడిపించాడు.

సరే, అటకమీద అలాంటి పాత ఫొటోల డబ్బా దొరికిందనుకోండి. అమెరికాలో ఇప్పుడు ఇవి ఎక్కువగా తాతలు పోయాక ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బయటపడుతున్నాయి. స్లైడ్ అట్ట మీదో, ప్రింటు తెల్ల అంచు మీదో నెల, సంవత్సరం ముద్ర ఉంటే సంతోషం. అది ఫిల్ము కడిగిన తేదీ, తీసిన తేదీ కాదు. క్రిస్మస్‌కు తీసిన రీలు వేసవిలో కడిగించే ఇళ్లు చాలా ఉండేవి. ముద్ర లేకపోతే రంగే పంచాంగం. చికాగో యూనియన్ స్టేషన్‌లో యూనియన్ పసిఫిక్ వారి పసుపుపచ్చ బండి సిటీ ఆఫ్ లాస్ ఏంజెలెస్ కనిపిస్తే అది 1955 అక్టోబర్ 30 తర్వాతిదే. అంతకు ముందు ఆ బండి వేరే రైల్వే పట్టాల మీద, వేరే స్టేషన్‌కు వచ్చేది. కొత్త భాగస్వామి మిల్వాకీ రోడ్ కూడా తన నారింజ మాని ఆ పసుపే పూసుకుంది. సదరన్ పసిఫిక్ ఇంజన్ బూడిద రంగు ఒంటికి ఎర్ర ముక్కుతో ఉంటే 1958కి ఇవతలిది. పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ పేర్లు విడివిడిగా ఉంటే 1968 ఫిబ్రవరికి ముందు రంగులన్నమాట. అయితే పాత రంగు చెరపడానికి కంపెనీలకు డబ్బుల్లేక ఏళ్ల తరబడి అలాగే తిరిగిన ఇంజన్లున్నాయి, కాబట్టి ఈ చివరి గుర్తును నమ్మేటప్పుడు కాస్త ఆగాలి. ఇంజన్ నుదుట నంబరు అద్దంలోలా కుడి ఎడమలు తారుమారై కనిపిస్తే స్లైడ్‌ను తిప్పి స్కాన్ చేశారని అర్థం. ఇది ఎంత తరచుగా జరుగుతుందో చెప్తే నవ్వుతారు.

రంగు నిలవడం కూడా ఒక కథే. 1940లలో వచ్చిన తొలి కొడాకలర్ ప్రింట్లు పసుపు తిరిగి, మనుషులు పాండురోగుల్లా మిగిలారు. కొడాక్రోమ్ తీరు వేరు. రంగు ఫిల్ములో ముందే ఉండదు, కడిగేటప్పుడు ఎక్కిస్తారు. చీకటి డబ్బాలో ఉంచితే దశాబ్దాలు గడిచినా చెక్కుచెదరదు. దాని బలహీనత ప్రొజెక్టర్ దీపం. ఆ వేడి వెలుగులో మాటిమాటికీ పెడితే వెలిసిపోతుంది. 1961లో కరౌసెల్ ప్రొజెక్టర్ వచ్చాక ఆదివారం రాత్రుళ్లు హాల్లో దుప్పటి కట్టి చుట్టాలకు స్లైడ్లు చూపించడం ఇంటింటి వేడుక అయింది, కొందరు చుట్టాలకు శిక్ష కూడా. దాంతో తమాషా జరిగింది. ఇంటిల్లిపాదికీ నచ్చి పదే పదే వేసిన పెళ్లి కేకు స్లైడ్ పాలిపోయింది. ఒకసారి చూసి విసుగుతో పక్కన పడేసిన రైలు స్లైడ్ నిన్న తీసినంత తాజాగా ఉంది.

ఆ రెండో రకం ఇప్పుడు విలువైనది. ఒక్కో పాత రైల్వేకూ ఒక్కో చరిత్ర సంఘం ఉంది. 1997లో మొదలై విస్కాన్సిన్‌లోని మ్యాడిసన్ కేంద్రంగా రైలు ఫొటోల కోసమే పనిచేస్తున్న సంస్థ కూడా ఉంది. బొమ్మ రైళ్లు తయారుచేసేవాళ్లకు ఫలానా ఏడాది ఫలానా పెట్టె కప్పు రంగేమిటో కావాలి, వాళ్లు ఇలాంటి స్లైడ్‌ను కళ్లకద్దుకుంటారు. ఇక్కడే నాకొక పేచీ ఉంది. ఇంజన్ కోసం ఫొటో అడిగేవాళ్లు చాలామంది అమ్మమ్మను కత్తిరించేస్తారు. ఆవిడ నెత్తికి కట్టుకున్న గుడ్డ, చేతిలోని అట్టపెట్టె, ప్లాట్‌ఫాం మీద ఆవిడ నిలబడ్డ చోటు చూస్తే ఆ రైలు ఎవరిదో తెలుస్తుంది. ఇంకో మాట. స్కాన్ చేసేవాళ్లు బొమ్మతో పాటు చుట్టూ ఉన్న అట్టను కూడా స్కాన్ చేయాలి. తేదీ, ఊరు, తాతగారి దస్తూరీ ఉండేది అక్కడే. అట్ట విప్పి పారేస్తే సగం చరిత్ర చెత్తబుట్టలోకి పోయినట్టే.

ఇన్ని రంగులూ ఎంతోకాలం నిలవలేదు. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చింది. విమానాలు ఒక పక్క, సొంత కార్లు ఒక పక్క ప్రయాణికులను లాక్కున్నాయి. 1967లో తపాలా శాఖ రైళ్లలో టపా మోయించే కాంట్రాక్టులు రద్దు చేయడంతో చాలా బండ్లకు ఉన్న ముఖ్యమైన ఆదాయం కూడా పోయింది. కాలిఫోర్నియా జెఫైర్ 1970 మార్చి 22న ఆగింది. 1971 మే 1న ప్రభుత్వ సంస్థ ఆమ్‌ట్రాక్ ప్రయాణికుల రైళ్లను చేతిలోకి తీసుకుంది. ఆ రోజుకు మిగిలున్న బండ్లలో సగం మరి బయల్దేరలేదు. అంతకు ముందు నెలంతా స్టేషన్లలో మళ్లీ కెమెరాలు కనిపించాయి. ఒకప్పుడు డీజిల్‌ను చూసి ముఖం తిప్పుకున్న రైలు ప్రియులు ఈసారి కుటుంబాల పక్కనే నిలబడ్డారు.

కొడాక్రోమ్ కూడా పోయింది. 2009లో తయారీ ఆగింది. దాన్ని కడిగే యంత్రం ప్రపంచం మొత్తానికి ఒకే ఒక్కటి, కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే చిన్న ఊళ్లో, ఒక కుటుంబం నడిపే ఫొటో ల్యాబ్‌లో మిగిలింది. పార్సన్స్ పుట్టిందే రైల్వే వల్ల. మిస్సోరీ-కాన్సస్-టెక్సస్ రైల్వే తన అధ్యక్షుడి పేరిట పెట్టిన ఊరది. 2010 డిసెంబర్ 30తో రీళ్లు తీసుకోవడం ఆపేస్తామని ల్యాబ్ ప్రకటించగానే దేశదేశాల నుంచి పార్సిళ్లు వచ్చిపడ్డాయి. కొందరు స్వయంగా కార్లలో వచ్చారు. వాళ్లలో ఆర్కన్సా నుంచి వచ్చిన ఒక రైల్వే ఉద్యోగి తెచ్చుకున్న రీళ్లు 1,580. కడగడానికి అయిన బిల్లు 15,798 డాలర్లు. వాటిలో ఉన్నవన్నీ రైళ్లే.

(వచ్చే భాగం: 1956లో నెవార్క్ రేవు నుంచి 58 ఇనుప పెట్టెలతో బయల్దేరిన ఓడ)